సైకిల్ మీద కళ్ళద్దాలు: ఏవి కొనాలి, ఎలా పెట్టుకోవాలి, కంట్లో నలుసు పడితే ఏం చేయాలి

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే విజయవాడ పటమటలో బయలుదేరి బందరు రోడ్డు మీద ఉయ్యూరు వైపు తొక్కుతున్నాను. కంకిపాడు దాటాక రోడ్డు వారన వడ్లు ఆరబోసి ఉన్నాయి, ఒకామె చేటతో తూర్పారబడుతోంది, గాలేమో అటు నుంచి ఇటు కొడుతోంది. ఎడమ కంట్లో చురుక్కుమంది. పడింది ఒక కంట్లోనే, కానీ మూసుకుపోయింది రెండు కళ్ళూ. తెరిచేసరికి ముందు చక్రం తారు దాటి కంకర మీదికి దిగిపోయింది, వెనక లారీ హారన్ చెవుల్లో మోగుతోంది. కింద పడలేదు, అదొక్కటే నయం.

గంటకి 20 కిలోమీటర్ల వేగం అంటే సైకిలుకి పెద్ద వేగమేమీ కాదు, కానీ ఆ వేగంలో సెకనుకి అయిదున్నర మీటర్లు వెళ్ళిపోతాం. రెండు సెకన్లు కళ్ళు మూసుకున్నామంటే 11 మీటర్లు చూడకుండా తొక్కినట్టే. బెంజి సర్కిల్ దగ్గరో, ఆటోలు అడ్డదిడ్డంగా తిరిగే ఏలూరు రోడ్డులోనో 11 మీటర్లంటే ఎంత దూరమో మీకే తెలుసు. అందుకే హెల్మెట్ ఎంత ముఖ్యమో కళ్ళద్దాలూ అంతే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

చాలామంది వీటిని ఎండ కోసం కొంటారు, నల్లగా ఉన్నాయా లేదా అని చూస్తారు. నేను చెప్పేది దానికి తిరగేసి: ముందు ఆకారం చూడండి, తర్వాత అద్దం దేనితో చేశారో చూడండి, రంగు ఆఖర్న చూడండి. ఒక్క జత మాత్రమే కొనగలిగితే రంగు లేని తెల్లద్దాలే కొనండి.

ముందు మీ దారిలో ఏముందో చూసుకోండి

అందరికీ ఒకే రకం సరిపోవు, ఎందుకంటే అందరి దారిలో ఎగిరేది ఒకటే కాదు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు వెళ్ళేవాళ్ళకి థర్మల్ పవర్ స్టేషన్ బూడిద లారీలు. ఇసుక లారీ మీద పట్టా సరిగా కప్పకపోతే వెనక వచ్చేవాడి మొహాన ఇసుక చల్లినట్టే ఉంటుంది. వానాకాలం సాయంత్రాలు బందరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద దీపాలు వెలిగే వేళకి పురుగులు గుంపులుగా లేస్తాయి, నోరు మూసుకుని తొక్కగలం కానీ కళ్ళు మూసుకుని తొక్కలేం కదా. నవంబరు, డిసెంబరుల్లో ఊర్ల వైపు వెళ్తే ఊక, నూగు, గడ్డి ముక్కలు. బస్సు కిటికీలోంచి ఉమ్మేవాళ్ళు సరేసరి.

గుంటూరు వాళ్ళకి మిర్చి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్ మంచి జోరుమీద ఉన్నప్పుడు యార్డు చుట్టుపక్కల టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకుని లారీలు వరసకట్టి నిలబడతాయి, ఘాటు గాల్లోనే ఉంటుంది. మామూలు కళ్ళజోడు ఆ దుమ్ముని ఆపలేదు. రోజూ అటు వెళ్ళేవాళ్ళు అంచుల చుట్టూ స్పాంజి గానీ రబ్బరు గానీ ఉన్న గాగుల్స్ తీసుకోవాలి. ఉక్కగా ఉంటుంది, నిజమే, కానీ ఆ రెండు కిలోమీటర్లకే పెట్టుకుని తర్వాత తీసేసి మామూలువి పెట్టుకోవచ్చు.

ఆకారం: షాపులో నిలబడి ఎలా చూడాలి

ముఖానికి చుట్టుకున్నట్టు వంపు తిరిగి, కంటి పక్క కణత దాకా కప్పేవి కావాలి. ఎదురుగా అద్దం పెద్దదిగా ఉండి పక్కన బోసిగా ఉంటే, గాలి పక్క నుంచి లోపలికి దూరి అద్దం వెనకే సుడి తిరుగుతుంది. దానితోపాటు వచ్చిన నలుసూ అక్కడే తిరుగుతుంది.

పెట్టుకుని చూసేటప్పుడు అద్దంలో అందం చూసుకోవడంతో ఆపకండి. తలని కిందికి వంచి రెండు సార్లు గట్టిగా విదిలించండి, జారకూడదు. పక్కనున్నవాళ్ళని ఒక అట్టముక్కతో చెవి వైపు నుంచి విసరమనండి. కంటికి గాలి గట్టిగా తగిలితే అది మీ ముఖానికి వదులు. అలాగని అద్దం బుగ్గకి ఆనకూడదు, రెప్ప వెంట్రుకలు అద్దానికి తగలకూడదు, తగిలితే ప్రతి రెప్పపాటుకీ అద్దం మీద మరక పడుతుంది. తర్వాత సైకిలు మీద కూర్చున్నట్టు ముందుకి వంగి, తల ఎత్తకుండా కళ్ళు పైకెత్తి దూరంగా చూడండి. వంచిన హ్యాండిల్ ఉన్న సైకిలు వాళ్ళకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాళ్ళు రోడ్డుని అద్దం పై భాగంలోంచే చూస్తారు, అక్కడ లావుపాటి ఫ్రేమ్ ఉంటే సగం రోడ్డు కనపడదు. ఆఖరుగా కుడి భుజం మీదుగా వెనక్కి చూడండి. కాడలు వెడల్పుగా ఉంటే వెనక వచ్చే ఆటో సరిగ్గా ఆ కాడ వెనకే దాక్కుంటుంది.

అద్దం దేనితో చేశారు

పాలికార్బొనేట్ అని అడగండి. దెబ్బ తగిలినా పెంకులుగా పగలదు, పైగా అతినీలలోహిత కిరణాల్ని దాదాపు అన్నిటినీ తనంతట తానే ఆపుతుంది, రంగు లేకపోయినా సరే. దీని ముఖ్యమైన లోపం, మెత్తటిది కాబట్టి త్వరగా గీతలు పడుతుంది, అందుకే పైన గీతలు పడని కోటింగ్ ఉన్నది చూసుకోవాలి. అసలైన గాజు అద్దాలతో సైకిలు ఎక్కొద్దు. కింద పడినప్పుడు ఆ గాజు ముక్కలకి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది మీ కన్నే.

ఖర్చెక్కువ అనుకునేవాళ్ళకి ఒక మాట. సైకిలు బ్రాండ్ల జోళ్ళే కొనాలని లేదు. ఆటోనగర్లో గ్రైండింగ్ చేసేవాళ్ళు పెట్టుకునే తెల్ల సేఫ్టీ గ్లాసులు హార్డ్‌వేర్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతాయి. వాటి కాడ మీద జెడ్ 87 అని గానీ, ఐఎస్ 5983 అని గానీ ముద్ర ఉందేమో చూడండి, ఉంటే అవి కంటి రక్షణ ప్రమాణాల ప్రకారం చేసినవన్న మాట. మొదటిది అమెరికా వాళ్ళ ప్రమాణం, రెండోది మనది. జెడ్ 87 పక్కన ప్లస్ గుర్తు కూడా ఉంటే మరింత గట్టి దెబ్బకి ఆగేవి. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు పెట్టుకునేవి ఇలాంటివే.

రంగు విషయం

రోడ్డు పక్క బండి మీద కొన్న కూలింగ్ గ్లాసెస్ గురించి ముందు చెప్పాలి. నల్లగా ఉన్నంత మాత్రాన అవి కంటిని కాపాడుతున్నట్టు కాదు. నల్లటి అద్దం వెనక చీకటిగా ఉంటుంది కాబట్టి కంటిపాప పెద్దదవుతుంది, ఆ అద్దానికి అతినీలలోహిత కిరణాల్ని ఆపే గుణం లేకపోతే మామూలుకన్నా ఎక్కువే లోపలికి వెళ్ళొచ్చు. కాబట్టి యూవీ 400 అని రాసి ఉండాలి, అంటే 400 నానోమీటర్ల దాకా ఉన్న కిరణాల్ని ఆపుతుందని. ఆ స్టిక్కరు ఎవరైనా అంటించొచ్చు. అనుమానం ఉంటే కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్ళి యూవీ మీటరు మీద పెట్టి చూపించమనండి, మీటరు ఉన్న షాపులో నిమిషం కూడా పట్టదు. ఏళ్ళ తరబడి ఎండలో, దుమ్ములో తిరిగేవాళ్ళకి తెల్లగుడ్డు మీద నుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరగడం మనం చూస్తూనే ఉంటాం. ఎండ కిరణాలకీ దానికీ సంబంధం ఉంది, శుక్లాలకీ ఉంది.

చలువ అద్దాలకి 0 నుంచి 4 దాకా కేటగిరీలు ఉంటాయి. మూడోదైతే నూటికి 8 నుంచి 18 వంతుల వెలుతురే లోపలికి వస్తుంది, మన మే నెల మధ్యాహ్నానికి అది సరిపోతుంది. నాలుగోది బండి నడపడానికి పనికిరాదు, సైకిలుకీ వద్దు.

నల్లద్దాలతో నాకు బాగా భయం వేసిన చోటు చిట్టినగర్ సొరంగం. మండుటెండలోంచి ఒక్కసారిగా లోపలికి దూరేసరికి కాసేపు ఏమీ కనపడలేదు, ఎదురొచ్చే బండి హెడ్‌లైటు తప్ప రోడ్డు అంచు ఎక్కడుందో తెలియలేదు. ఎండకి నల్లబడి నీడకి తెల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలైనా ఇక్కడ ఆదుకోవు, అవి తెల్లబడడానికి టైమ్ పడుతుంది, ఈలోపు సొరంగం దాటిపోతాం. పైగా బాగా వేడిగా ఉన్న రోజు ఆ అద్దాలు పూర్తిగా నల్లబడవు కూడా. అలాంటి చోటికి వచ్చే ముందే పక్కకి ఆగి అద్దాలు మార్చుకోవాలి. ఆగలేకపోతే వేగం బాగా తగ్గించాలి.

పోలరైజ్డ్ అద్దాలు నీళ్ళ మీద మెరుపుని తీసేస్తాయి. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం వైపు వెళ్తుంటే కుడిచేతి పక్క నిండుగా ఉన్న నీళ్ళ మీద నుంచి వచ్చే ఆ తళతళకి ఇవి బాగా పనికొస్తాయి. కానీ వాన పడ్డాక రోడ్డు మీద తడి, డ్రైనేజీ ఇనుప మూత మెరుపు కూడా కనపడకుండా పోతుంది, మనం జారే చోటుని గుర్తుపట్టేది ఆ మెరుపుని చూసే కదా. కొన్ని ఫోన్ల స్క్రీన్ కూడా ఒక కోణంలో నల్లగా అయిపోతుంది. అందుకే నా లెక్కలో ఇవి ఎండాకాలానికి మాత్రమే.

పొద్దు గూకాక తెల్లద్దాలే, మారు మాట లేదు. పసుపు అద్దాలు పెడితే రాత్రి బాగా కనిపిస్తుందని కొందరు అమ్ముతారు, నమ్మొద్దు, పసుపైనా సరే కొంత వెలుతురుని మింగేస్తుంది.

పవర్ ఉన్నవాళ్ళు

మామూలు పవర్ కళ్ళజోడు ఉంది కదా, అదే చాలు అనుకోకండి. ఎదురు గాలిని కొంత ఆపుతుంది, పక్కల నుంచి వచ్చేదాన్ని ఆపదు. మూడు దారులున్నాయి. తక్కువ ఖర్చుది, పవర్ జోడు మీదే పెట్టుకునే పెద్ద తెల్ల సేఫ్టీ గ్లాసులు. రెండోది, వంపు జోడు లోపల పవర్ అద్దాలు తగిలించుకునే చిన్న ఫ్రేమ్ ఉన్నవి, లోపల ఆవిరి ఎక్కువ పడుతుంది వీటికి. మూడోది కాంటాక్ట్ లెన్స్ వేసుకుని పైన వంపు జోడు. గాలికి లెన్స్ ఆరిపోతుంది కాబట్టి పైన జోడు లేకుండా లెన్స్‌తో తొక్కొద్దు, దారిలో లెన్స్ జారిందని కుళాయి నీళ్ళతో కడిగి మళ్ళీ పెట్టుకోవద్దు. ఆ నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు కంటికి చాలా ప్రమాదం. ఈసారి కొత్త పవర్ జోడు చేయించుకుంటే మాత్రం పాలికార్బొనేట్ అద్దాలు వేయమని చెప్పండి, కాస్త ఎక్కువైనా సరే. రెండు పవర్ల అద్దాలు వాడేవాళ్ళు జాగ్రత్త, కింది భాగం దగ్గరి చూపుకి కాబట్టి ముందు చక్రం దగ్గరి గుంట మసగ్గా కనిపిస్తుంది.

పిల్లలకి బొమ్మ జోళ్ళు కొనివ్వకండి. వాళ్ళ కంటి కటకం మనకన్నా తేటగా ఉంటుంది, హానిచేసే కిరణాలు మనకన్నా ఎక్కువ లోపలికి వెళ్తాయి. చిన్న సైజు పాలికార్బొనేట్ వాటికి వెనక తాడు కట్టి ఇవ్వండి.

పెట్టుకోవడం, మంచు పట్టకుండా చూసుకోవడం

ముందు హెల్మెట్, దాని పట్టీలు బిగించాక కళ్ళద్దాలు. కాడలు పట్టీల మీదుగా, బయటి వైపు రావాలి. పట్టీల కింద ఇరికిస్తే, పడినప్పుడు జోడు ఊడి పక్కకి పోకుండా ముఖానికే నొక్కుకుంటుంది, అద్దాలు తీసి తుడుచుకోవాలన్నా హెల్మెట్ విప్పాల్సి వస్తుంది.

తొక్కుతున్నంతసేపూ గాలి ఆడుతుంది, మంచు పట్టదు. సిగ్నల్ దగ్గర ఆగగానే మన ముఖం వేడి, చెమట ఆవిరి అద్దం లోపలి వైపు చేరి మసకబారుతుంది. ఆగినప్పుడు జోడుని ముక్కు మీద వేలెడు ముందుకి జరపండి, కదిలేముందు మళ్ళీ వెనక్కి నెట్టండి. ఇంట్లోంచి బయలుదేరే ముందు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క అద్దం లోపలి వైపు వేలితో పలచగా రాసి, నీళ్ళతో తేలిగ్గా కడిగి ఆరనిచ్చినా చాలావరకు ఆగుతుంది. పవర్ అద్దాలకి ప్రత్యేక కోటింగ్ ఉంటే మాత్రం షాపువాళ్ళని అడిగి చేయండి.

ఇంకొకటి. తలకి కొబ్బరినూనె పెట్టుకుని తొక్కితే చెమటతో కలిసి అది నుదుటి మీదుగా కళ్ళలోకే దిగుతుంది, అద్దానికి అంటితే తుడిచినకొద్దీ అలుక్కుంటుంది. తొక్కే రోజు నూనె వద్దు, హెల్మెట్ కింద పలచటి నూలు గుడ్డ కట్టుకోండి.

కడగడం

అద్దాలు పాడయ్యేది రోడ్డు మీద కాదు, చొక్కా కొసతో తుడిచినప్పుడు. అద్దం మీద ఉన్నది ఇసుక, పొడి గుడ్డతో రుద్దితే అది గరుకు కాగితంతో రుద్దినట్టే. మొదట కుళాయి కింద పెట్టి నీళ్ళు పారనివ్వాలి, దుమ్ము దానంతటదే పోవాలి. తర్వాత ఒక సబ్బు చుక్కతో వేళ్ళతోనే రుద్ది, ముక్కు దగ్గర, అంచుల దగ్గర చేరిన చెమట జిడ్డు తీసి, కడిగి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. గోళ్ళ రంగు తీసేది, కిటికీ అద్దాలు తుడిచేవి వీటికి తగలనివ్వొద్దు. ఎదురుగా సూర్యుణ్ణి పెట్టుకుని చూస్తే గీతలు దారప్పోగుల్లా మెరుస్తున్నాయంటే ఆ జోడు మార్చే టైమ్ వచ్చింది.

అయినా కంట్లో పడితే

ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి, నా తప్పులన్నీ ఇక్కడే.

ముందు నెమ్మదిగా బ్రేకు వేసి రోడ్డు దిగి ఆగండి. ఒంటి కంటితో ఇంకో వంద గజాలు లాగిద్దాం అనుకోవద్దు. నలపొద్దు. నేను ఆరోజు నలిపాను. చేతులు కడుక్కుని, తాగే నీళ్ళ బాటిల్ తీసి, తల పక్కకి వంచి ముక్కు వైపు నుంచి చెవి వైపుకి నీళ్ళు ధారగా పారనిస్తూ రెప్పలు కొట్టండి. పోకపోతే పై రెప్పని వెంట్రుకలు పట్టుకుని కింది రెప్ప మీదికి లాగి వదలండి, కింది వెంట్రుకలు బ్రష్‌లా పనిచేసి ఒక్కోసారి నలుసుని తోసేస్తాయి. నోటితో ఊదడం, నాలుకతో తీయడం, రుమాలు కొసతో కెలకడం, నెయ్యి, ఆముదం, తల్లిపాలు వేయడం, ఏదీ వద్దు.

నేనేం చేశానంటే, నలిపి, నీళ్ళు కొట్టుకుని, దారిలో ఒక మందుల షాపులో చుక్కలు అడిగి వేసుకున్నాను. మధ్యాహ్నానికి ఎరుపు తగ్గింది, సరే పోయిందనుకున్నాను. రాత్రికి రెప్ప మూస్తే గర, తెరిస్తే గర. మర్నాడు కంటి డాక్టరు దగ్గర కూర్చుంటే ఆయన కంట్లో ఒక రంగు చుక్క వేసి నీలి దీపం వెలిగించి చూశారు. నల్లగుడ్డు మీద నిలువుగా సన్నటి ఆకుపచ్చ గీతలు వరసగా ఉన్నాయట. గీతలు నిలువుగా ఉంటే నలుసు పై రెప్ప లోపలే ఉందన్నమాట అని, దూదిపుల్ల ఆనించి రెప్పని తిరగేసి ఒక్క తుడుపు తుడిచారు. ఆ దూది చివర చూపించారు. వడ్లగింజ పై పెంకులో ఒక చిన్న తునక, నువ్వుగింజలో సగం కూడా లేదు. నేను రెప్ప వేసిన ప్రతిసారీ అది ఒక గీత గీసింది.

ఆ తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఏ చుక్కలు వేశావు అని. సీసా చూపించాను, అందులో స్టెరాయిడ్ ఉంది, వెంటనే ఆపేయమన్నారు. ఊక, వరి ఆకు, గడ్డి లాంటివి గీరుకున్న కంట్లో ఫంగస్ చేరే ప్రమాదం ఉంటుంది, మన డెల్టా రైతులకి ఇది కొత్తేమీ కాదు. స్టెరాయిడ్ వేస్తే ఎరుపు, మంట తగ్గి నయమైనట్టు అనిపిస్తుంది, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే డాక్టరు చూడకుండా మందుల షాపు చుక్కలు వేసుకోవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను. నలుసు తీసిన తర్వాత రోజుల్లో నొప్పి పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనపడినా ఆ రోజే వెళ్ళాలి, మర్నాటికి వాయిదా వద్దు. విజయవాడ వైపు వాళ్ళకి తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, గుంటూరు వాళ్ళకి జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) కంటి విభాగం ఉంది.

కారం పడితే ముందు చేతులు, ముఖం సబ్బుతో కడగండి, లేదంటే ఆ చేతులతోనే మళ్ళీ కంటికి పూస్తారు. తర్వాత పావుగంట సేపు కన్ను కడగండి. కట్టడాల దగ్గర సున్నం, సిమెంటు పడితే మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దు, దగ్గర్లో ఏ కుళాయి ఉంటే దాని కింద రెప్పలు విడదీసి పట్టుకుని పావుగంట నుంచి అరగంట కడిగాకే ఆసుపత్రికి బయలుదేరాలి, ఎందుకంటే సున్నం లోపలికి తినేస్తూ పోతుంది. ఇనుప ముక్కో, పుల్లో గుచ్చుకుని ఉంటే మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం: కడగొద్దు, లాగొద్దు, నొక్కొద్దు. టీ కొట్లో ఒక పేపరు కప్పు అడిగి, కన్నుకి తగలకుండా చుట్టూ ఎముక మీద ఆనేలా బోర్లించి పట్టుకుని వెళ్ళండి, లేదా 108కి ఫోన్ చేయండి.

డాక్టరు ఒక కంటికి కట్టు కడితే ఎదుటి బండి ఎంత దూరంలో ఉందో, గుంట ఎంత లోతో సరిగ్గా అంచనాకి రాదు. ఇల్లు రెండు వీధుల అవతలే ఉన్నా సరే, సైకిలుకి అక్కడే తాళం వేసి ఆటో ఎక్కండి.